బ్రన్సన్ నిజంగా ఎదిగాడా, లేక డల్లాస్‌లో బంతి చేతికివ్వలేదా?

ఎడిసన్_అల్లుడు
ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) టీమ్ న్యూయార్క్ నిక్స్ 2025లో ఇండియానా చేతిలో మళ్లీ ఎందుకు ఓడారనే ఏడుపు పక్క థ్రెడ్‌లో నడుస్తోంది, దాన్ని అక్కడే ఉండనిద్దాం. ఇక్కడ ఒక్క విషయం తేల్చండి. డల్లాస్ నుంచి ఈమధ్యే మా ఆఫీసుకి మారిన ఒకాయనతో లంచ్ దగ్గర మాటామాటా పెరిగింది. నిక్స్ గార్డ్ (బంతి నడిపే ఆటగాడు) జేలెన్ బ్రన్సన్ కొత్తగా నేర్చుకున్నదేమీ లేదట, విలనోవా కాలేజీకి ఆడినప్పుడే ఇంతటోడట, బంతి ఎక్కువసేపు చేతికిస్తే పాయింట్లు వాటంతటవే వస్తాయట.

నాకది ఎక్కలేదు. డల్లాస్‌లో మొదటి సీజన్ సగటు 9.3 పాయింట్లు, రెండోది 8.2. తర్వాత 12.6, 16.3. 2022లో న్యూయార్క్ వచ్చాక 24, ఆ మరుసటి సీజన్ 28.7. 2024-25లో 26 పాయింట్లు, 7.3 అసిస్టులు (బుట్టకి దారితీసిన పాస్‌లు), పైగా ఆఖరి నిమిషాల ఆటకిచ్చే క్లచ్ ప్లేయర్ అవార్డు. టీమ్‌లు కొత్త కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 33వ పిక్‌గా వచ్చినవాడు ఇక్కడిదాకా వస్తే దాన్ని ఎదగడం అనరా?

ప్లేనో_పంతులు
ఆ లంచ్ టేబుల్ దగ్గర నేను లేను గానీ, ఆయన తరఫున మాట్లాడతాను.

2022 ప్లేఆఫ్స్, యూటాతో మొదటి రౌండ్. మా డల్లాస్ స్టార్ లూకా డాన్చిచ్‌కి పిక్క పట్టేసి మొదటి మూడు మ్యాచ్‌లు ఆడలేదు. బ్రన్సన్ వరసగా 24, 41, 31 కొట్టాడు. మూడింట్లో రెండు గెలిచాం. అప్పటికింకా న్యూయార్క్ లేదు, నిక్స్ కోచ్ థిబొడో లేడు. అదే మనిషి, అవే కాళ్లు. మారిందల్లా బంతి ఎవరి చేతిలో ఉందన్నదే. లూకా తిరిగొచ్చాక మళ్లీ పక్కకి జరిగాడు. జరగాలి కూడా, లూకా ముందు ఎవడైనా జరగాల్సిందే.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత మా డల్లాస్ టీమ్ మావరిక్స్ యాజమాన్యం కోసమే పుట్టింది. రెండో రౌండ్ కుర్రాడని 2018లో చవగ్గా నాలుగేళ్ల కాంట్రాక్ట్ రాశారు. అదే మూడేళ్లకి రాసుంటే ఆఖర్న రెస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్ అయ్యేవాడు. బయటివాళ్లు ఎంత ఆఫర్ చేసినా అంతే ఇచ్చి ఉంచుకునే హక్కు మాకుండేది. నాలుగేళ్లు కావడంతో ఏ అడ్డూ లేకుండా వెళ్లిపోయాడు. సరే, అదైనా పోనీ, ఆ చివరి సీజన్లో నాలుగేళ్లకి 55 మిలియన్ డాలర్ల చిల్లరకి ఎక్స్‌టెన్షన్ రాసే వీలుంది. రాయలేదు. ఎవరు ఎవరికి ఏం ఆఫర్ చేశారన్న దాని మీద వాళ్ల నాన్న ఒక కథ చెబుతాడు, అప్పటి టీమ్ యజమాని క్యూబన్ ఇంకో కథ చెబుతాడు. న్యూయార్క్ మాత్రం 104 మిలియన్లు బల్ల మీద పెట్టింది.

ఎడిసన్_అల్లుడు
ఆ 104 మిలియన్లు దండగన్నవాళ్లు అప్పట్లో ఈ ఫోరంలోనే ఉన్నారు. పేర్లు చెప్పను.

బెంచ్‌మీద_బాబ్జీ
చెప్పినా ఫర్వాలేదు, వాళ్లలో నేనొకణ్ణి. ఆరడుగుల రెండంగుళాల గార్డుకి అంత డబ్బేంటన్నాను. ఎత్తు గురించి ఇప్పటికీ అదే అంటాను, దానికి తర్వాత వస్తా.

పంతులుగారూ, మూడు మ్యాచ్‌లు చూపించి కేసు గెలుద్దామనుకుంటున్నారు. అంతకు ముందు ఏడాది క్లిప్పర్స్ టీమ్‌తో ఆడిన సిరీస్ ఎందుకు దాటేశారు? 2021లో ఏడు మ్యాచ్‌లు జరిగాయి. సగటున పదహారు నిమిషాలు, 8 పాయింట్లు. పక్కల్లో ఆడే పొడుగాటి వింగ్ ప్లేయర్లని మీదకి తోలితే షాట్ తీసే చోటు దొరకలేదు. కోచ్ కార్లైల్ మెల్లగా బెంచ్ మీద కూర్చోబెట్టాడు. అక్కడ లోటు బంతిది కాదు, ఆటదే. అలాంటివాడు ఏడాది తిరిగేసరికి ఒక్క మ్యాచ్‌లో 41 కొట్టాడంటే ఆ మధ్యలో ఏదో నేర్చుకున్నట్టే కదా. మీ మూడు మ్యాచ్‌లు అల్లుడి వాదానికే పనికొస్తాయి.

ప్లేనో_పంతులు
లేదా, ఆ సిరీస్‌లో తడబడ్డ కుర్రాడికి కార్లైల్ ఇంకో అవకాశం ఇవ్వలేదనీ అనొచ్చు. కార్లైల్ ఆ వేసవిలోనే డల్లాస్ వదిలి ఇండియానా వెళ్లిపోయాడు. కొత్త కోచ్ జేసన్ కిడ్ వచ్చిన మొదటి సీజన్లోనే బ్రన్సన్ స్టార్టర్ అయ్యాడు.

కాకినాడ_కోర్ట్
ఒక్క నిమిషం. 2024లోనూ 2025లోనూ నిక్స్‌ని ఇంటికి పంపిన ఇండియానా కోచ్ ఈ కార్లైలే. బ్రన్సన్ ఎక్కడ ఇబ్బంది పడతాడో మూడేళ్లు రోజూ ప్రాక్టీసులో చూసినవాడు. ఇది ఎవరూ మాట్లాడరేంటి?

గుంటూరు_గార్డ్
అంకెలు పక్కనపెట్టి కాళ్లు చూడండి మాస్టారూ. నేను యూనివర్సిటీ టీమ్‌కి పాయింట్ గార్డ్‌గా ఆడినవాణ్ణి, నా కళ్లు ముందు అక్కడికే పోతాయి.

విలనోవాలో కోచ్ జే రైట్ దగ్గర గార్డులు కూడా పోస్ట్‌లో (రింగ్ దగ్గర) వీపానించి ఆడేవారు. పెయింట్‌లోకి (రింగ్ ముందున్న రంగు గడిలోకి) వెళ్లాక గాల్లోకి ఎగరకుండా రెండు పాదాల మీద ఆగడం అక్కడ అందరికీ నేర్పిన మొదటి పాఠం. బ్రన్సన్ ఎడమచేతి వాటం. కుడివైపు నుంచి ఎడమకి దూసుకొస్తూ భుజాన్ని డిఫెండర్ ఛాతీకి ఆనిస్తాడు. ఆ తాకిడికి అతను అర అడుగు వెనక్కి జరుగుతాడు. సరిగ్గా అప్పుడే వీడు రెండు కాళ్లూ నేలకి అతికించి ఆగిపోతాడు. ఆర్టీసీ బస్సు సడన్ బ్రేకేస్తే నిలబడ్డవాళ్ల గతే డిఫెండర్‌ది, ఒళ్లింకా పోతూనే ఉంటుంది. అక్కణ్ణుంచి ఒక పివట్ (ఒక పాదం కదపకుండా తిరగడం), తలతో చిన్న ఫేక్ (షాట్ వేస్తున్నట్టు మోసం). ఎదుటివాడు ఎగిరాడా, కిందనుంచి దూరి ఫౌల్ తీసుకుంటాడు. ఎగరలేదా, వెనక్కి వాలి షాట్ వేస్తాడు. పక్కనుంచి రెండోవాడు సాయానికొచ్చాడా, మూలనున్నవాడికి పాస్.

ఇదంతా 2016, 2018 విలనోవా మ్యాచ్‌లలోనే కనిపిస్తుంది. అందుకే ఈ ఒక్క విషయంలో పంతులుగారికే నా ఓటు. పునాది కాలేజీదే. ఎన్‌బీఏకి వచ్చాక దాన్ని తనకన్నా అరడుగు, అడుగు పొడుగున్న వాళ్ల మధ్య ఎంత దూరంలో ఆగాలి, ఎంతసేపు ఆగాలి అన్న లెక్కకి మార్చుకున్నాడు. ఆ లెక్క కుదరడానికి మూడేళ్లు పట్టింది. క్లిప్పర్స్ సిరీస్‌లో అదే ఆగడం ఆగి, అదే ఫేక్ ఇచ్చినా వాళ్లు ఎగరలేదు, చేతులు పైకెత్తి నిలబడ్డారు అంతే.

మన దగ్గర యూనివర్సిటీ టోర్నమెంట్లు అవగానే స్పోర్ట్స్ కోటాలో రైల్వేకో ఇంకో ఆఫీసుకో వెళ్లిపోతాం. ఇరవై రెండేళ్ల తర్వాత ఆట నేర్పేవాడే ఉండడు. వీడు ఇరవై ఆరేళ్లకి కూడా కొత్తవి నేర్చుకుంటుంటే నాకు అసూయగా ఉంటుంది.

ఓరుగల్లు_హూప్స్
గార్డ్ అన్నా, కాళ్ల ముచ్చట మంచిగ చెప్పినవ్. నేను చేతుల ముచ్చట చెప్త.

డల్లాస్ ఆఖరి సీజన్లో మ్యాచ్‌కి మూడు త్రీలు (గీత బయట నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) వేసేవాడు, 37 శాతం పడేవి. న్యూయార్క్ మొదటి సీజన్లో నాలుగున్నర దాటింది, 41 శాతం. 2023-24లో దగ్గర దగ్గర ఏడు, అప్పుడూ 40 శాతం. సంఖ్య రెట్టింపైతే గురి తగ్గుతది, అది ఎవరికైనా మామూలే. ఇతనికి పెరిగింది. పైగా అవి ఎవరో పాస్ ఇస్తే నిలబడి వేసినవి కావు, చాలావరకు డ్రిబుల్ మీంచి తీసినవి. 2023 డిసెంబర్‌లో ఫీనిక్స్ మీద 50 కొట్టిన మ్యాచ్ చూడుండ్రి, తొమ్మిది త్రీలకి తొమ్మిదీ పడ్డయ్.

కాలేజీలో కూడా 40 శాతం కొట్టేవాడని పంతులుగారు అంటరేమో. అప్పటి కాలేజీ గీత 20 అడుగుల 9 అంగుళాలు. ఎన్‌బీఏ గీత పైన 23 అడుగుల 9 అంగుళాలు. మూడడుగులు వెనక్కి జరిగి, మీదకి మనిషి దూకుతుంటే, పరుగు మీంచి ఆగి వేసుడు కాలేజీల నేర్చుకున్నది కాదు.

ఆ త్రీ భయం లేకుంటే అన్న చెప్పిన పివట్ పనిచేయదు. డిఫెండర్ వెనక్కి జరిగి పెయింట్ కాడనే నిలబడతడు. క్లిప్పర్స్ చేసింది అదే.

హడ్సన్_వదిన
ఓరుగల్లు తమ్ముడు చెప్పింది నాకు నచ్చింది.

ఒక విషయం మీరెవరూ ఎత్తలేదు. 2018లో దేశం మొత్తం మీద ఉత్తమ కాలేజీ ఆటగాడు బ్రన్సన్. అదే ఏడాది డ్రాఫ్ట్‌లో విలనోవా నుంచి నలుగురు వెళ్లారు. మికాల్ బ్రిడ్జెస్ 10వ పిక్, డివిన్‌చెంజో 17, స్పెల్‌మన్ 30, ఆ తర్వాత మన వాడు 33. సొంత టీమ్‌లోనే నాలుగోవాడు! ఫైనల్లో మిషిగన్ మీద డివిన్‌చెంజో 31 కొట్టాడు, బ్రన్సన్ ఫౌల్స్‌లో ఇరుక్కుని 9 దగ్గర ఆగిపోయాడు. అది కొంత దెబ్బ కొట్టిందేమో గానీ, అసలు కారణం అది కాదు. మూడేళ్లు కాలేజీలో ఉన్నాడు, వయసు ఇరవై ఒకటి, పొట్టి, ఎగరలేడు. వీడు ఇప్పటికే ఎంత పెరగాలో అంతా పెరిగిపోయాడని స్కౌట్ల లెక్క. పంతొమ్మిదేళ్ల కుర్రాడైతే రేపు ఏమవుతాడోనన్న ఆశకి పిక్ ఖర్చుపెడతారు. మూడేళ్లు ఉన్నవాడిలో ఆ ఆశ కనపడదు వాళ్లకి.

కాబట్టి పంతులుగారూ, "ముందునుంచీ ఇంతే" అనే మీ మాట ఆ స్కౌట్ల మాటకి దగ్గరగా ఉంది. వాళ్లు "ఇంతే, ఇక పెరగడు" అన్నారు, మీరు "ఇంతే, అప్పుడే గొప్ప" అంటున్నారు. రెండింట్లోనూ అతను పడిన కష్టానికి చోటు లేదు.

ప్లేనో_పంతులు
వదినా, గట్టి దెబ్బే కొట్టారు. కష్టపడలేదని నేనెప్పుడూ అనలేదు. వాళ్ల నాన్న రిక్ బ్రన్సన్ తొమ్మిది సీజన్లు లీగ్‌లో బెంచ్ ఆటగాడిగా నెట్టుకొచ్చినవాడు. ఆ ఇంట్లో కష్టపడకుండా ఎలా ఉంటాడు? నేననేది ఒక్కటే. డల్లాస్‌లో పక్కన లూకా ఉన్నంతకాలం ఈ 28.7 రాదు. లూకా ఉన్నచోట రెండో గార్డ్ పని మూల నిలబడి పాస్ కోసం చూడటం. అక్కడ ఇంకో నాలుగేళ్లు ఉన్నా ఆ డ్రిబుల్ మీంచి త్రీ సాధన చేసే అవసరమే రాదు కదా. అవసరం లేని పని ఎవడు నేర్చుకుంటాడు?

గుంటూరు_గార్డ్
ఇప్పుడు సరిగ్గా చెప్పారు. కానీ అది "మారలేదు" అనే వాదం కాదు మాస్టారూ, "అవసరం వస్తే మారాడు" అనే వాదం.

బెంచ్‌మీద_బాబ్జీ
అందరూ కౌగిలించుకోవడం అయిందా? ఇప్పుడు ఎత్తు సంగతికొస్తా.

2025లో ఇండియానాతో తూర్పు ఫైనల్స్ మొదటి మ్యాచ్. మూడు నిమిషాల్లోపు ఆట ఉంది, నిక్స్ 14 ముందున్నారు. ఇండియానా తరఫున నెస్మిత్ త్రీ మీద త్రీ కొట్టాడు. ఆఖర్న వాళ్ల గార్డ్ హాలిబర్టన్ వేసిన బంతి రింగ్ మీద తగిలి బోర్డు కన్నా పైకి లేచి లోపల పడింది. కాలు గీత మీదుంది కాబట్టి రెండే, ఓవర్‌టైమ్‌కి వెళ్లింది. 138-135. బ్రన్సన్ ఆరోజు 43 కొట్టాడు. కొట్టినా ఓడారు. ఎందుకు? ఇండియానా ప్రతిసారీ బ్రన్సన్ కాపలా కాస్తున్నవాణ్ణే స్క్రీన్‌కి (డిఫెండర్‌కి అడ్డం నిలబడటానికి) పిలిచింది. బ్రన్సన్, నిక్స్ సెంటర్ టౌన్స్ ఇద్దర్నీ ఒకే పిక్ అండ్ రోల్‌లోకి (అడ్డం నిలబడి రింగ్ వైపు తిరిగే ఎత్తులోకి) లాగితే అవతలివాళ్లకి పండగే. ఆరేడేళ్లలో షాట్ మారింది, పాస్ మారింది, ఒళ్లు గట్టిపడింది. డిఫెన్స్ మాత్రం ఎక్కడిదక్కడే. ఛార్జ్‌లు తీసుకుంటాడు (మీదకొచ్చేవాడికి ఎదురు నిలబడి ఫౌల్ రాబడతాడు), ఒప్పుకుంటా. మనిషిని ఆపలేడు. ఎదుగుదల గురించి థ్రెడ్ పెట్టి ఆటలో సగం దాస్తే ఎలా?

కాకినాడ_కోర్ట్
మాకది ఉదయం ఐదున్నరకి మొదలైంది. హాలిబర్టన్ షాట్ పడ్డప్పుడు ఇంట్లో అందరూ నా అరుపుకి లేచారు. నేను ఇండియానా అభిమానిని కూడా కాదు.

బాబ్జీ అన్నా, గోల్డెన్ స్టేట్ గార్డ్ స్టెఫ్ కర్రీని కూడా ఇలాగే ప్రతి సిరీస్‌లో వెతికి పట్టుకునేవాళ్లు. పక్కన డ్రేమండ్ గ్రీన్, క్లే లాంటివాళ్లు ఉన్నారు కాబట్టి తట్టుకున్నాడు. చిన్న గార్డ్ డిఫెన్స్ అతని ఒక్కడి సమస్య కాదు, చుట్టూ ఎవరిని పెట్టావన్నది కూడా.

హడ్సన్_వదిన
చుట్టూ పెట్టడానికి డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా చెప్పు. 2024 వేసవిలో బ్రన్సన్ నాలుగేళ్లకి 156.5 మిలియన్లకే సంతకం పెట్టాడు. ఒక్క ఏడాది ఆగితే ఐదేళ్లకి 269 మిలియన్లు దాకా వచ్చేది. నూట పదమూడు మిలియన్లు వదిలేశాడు. అలా వదిలాడు కాబట్టే బ్రిడ్జెస్, టౌన్స్, అనునోబీ ఒకే జీతాల పట్టికలో ఇమిడారు. మా ఆయన దీన్ని త్యాగం అంటాడు. నేను తెలివి అంటాను, 2028లో ఆఖరి ఏడాది వద్దనుకుని బయటికొచ్చే ఆప్షన్ వాడుకుంటే పదేళ్ల అనుభవం ఉన్నవాడిగా అంతకన్నా పెద్ద కాంట్రాక్ట్ అడగొచ్చు. మధ్యలో మోకాలు బాగుంటే.

బెంచ్‌మీద_బాబ్జీ
బ్రిడ్జెస్ కోసం ఐదు మొదటి రౌండ్ పిక్‌లు ఇచ్చారు. కాలేజీ స్నేహితుల్ని ఒకచోట చేర్చడానికి ఇంత ఖరీదా! పెళ్లి బస్సు మాట్లాడుకున్నా తక్కువలో అయ్యేది.

మోడరేటర్
బాబ్జీగారూ, ట్రేడ్‌ల మీద వేరే థ్రెడ్ ఉంది. అలాగే "తల వెనక్కి విసిరి ఫౌల్స్ కొట్టేస్తాడు" అంటూ వచ్చిన నాలుగు పోస్టులు తీసేశాను, రెఫరీలని తిట్టడానికి ఇది చోటు కాదు.

ఎడిసన్_అల్లుడు
బాబ్జీ చెప్పిన డిఫెన్స్ నిజమే. కానీ ఆ వాదానికి ఇంకో వైపుంది. 2024 ప్లేఆఫ్స్‌లో ఫిలడెల్ఫియా మీద నాలుగో మ్యాచ్‌లో 47, నిక్స్ ప్లేఆఫ్స్ రికార్డు. తర్వాత 40, 41, ఇండియానా మీద మొదటి మ్యాచ్‌లో 43. వరసగా నాలుగు నలభైలు. జోర్డన్ 1993లో చేశాక మళ్లీ ఎవరూ చేయలేదు. తోటి ఆటగాళ్లలో రాండల్ లేడు, రాబిన్సన్ మధ్యలో గాయంతో తప్పుకున్నాడు, అనునోబీకి తొడకండరం పట్టేసింది. ఆఖరికి ఏడో మ్యాచ్‌లో బ్రన్సన్ ఎడమ చెయ్యి విరిగింది. అటువైపు ఆట అంతా ఒక్కడి మీద మోపి, ఇటువైపు కూడా మనిషిని ఆపమంటే ఒళ్లు ఎన్ని ముక్కలు చేసుకుంటాడు?

2025లో డిట్రాయిట్ మీద ఆరో మ్యాచ్ చూడండి. స్కోరు సమం, ఎదురుగా ఆసర్ థాంప్సన్, లీగ్‌లో మంచి డిఫెండర్లలో ఒకడు, ఎత్తులోనూ ఎగరడంలోనూ బ్రన్సన్‌తో పోలికే లేదు. ఒక్క క్రాసోవర్‌కి (బంతిని చటుక్కున చెయ్యి మార్చడానికి) అతని కాళ్లు వెనక్కి పోయాయి. బ్రన్సన్ త్రీ వేశాడు, 116-113, సిరీస్ అయిపోయింది. ఓరుగల్లు చెప్పిన చేతులు, గార్డ్ చెప్పిన కాళ్లు, రెండూ ఆ ఒక్క షాట్‌లో ఉన్నాయి.

ఓరుగల్లు_హూప్స్
ఆ షాట్ 2021 బ్రన్సన్ వేయడు. ధైర్యం లేక కాదు. లోపలికి పోయి పివట్ వేసి ఇరుక్కుంటడు.

గుంటూరు_గార్డ్
నాకు టెన్షన్ కొత్త కోచ్ గురించే. 2025లో థిబొడోని తీసేశారు, మైక్ బ్రౌన్ వచ్చాడు. శాక్రమెంటోలో బ్రౌన్ ఆటలో బంతి ఒక్కచోట ఆగేది కాదు. సెంటర్ సబోనిస్ పైన నిలబడి పంచేవాడు, గార్డ్ ఫాక్స్ అతని చుట్టూ తిరిగి అందుకునేవాడు. క్లచ్ ప్లేయర్ అవార్డు మొదటిసారి ఇచ్చినప్పుడు అందుకున్నది ఆ ఫాక్సే, కాబట్టి ఆఖరి నిమిషాల్లో గార్డ్‌కే బంతి ఇవ్వడం బ్రౌన్‌కి తెలుసు. మొదటి నలభై నిమిషాలు ఏం చేస్తాడన్నదే ప్రశ్న. బ్రన్సన్ బంతి లేకుండా పరిగెత్తి, స్క్రీన్ల వెనక నుంచి వచ్చి, అందుకోగానే షాట్ వేయాలి. ఇదీ అతను నేర్చుకుంటే బాబ్జీ బాధ కూడా కొంత తీరుతుంది, డిఫెన్స్‌కి కాస్త ఒళ్లు మిగులుతుంది.

ప్లేనో_పంతులు
బంతి లేకుండా ఆడటమా! అది మా దగ్గర నాలుగేళ్లు చేసిన పనే. లూకా పక్కన మూల నిలబడి నేర్చుకున్నది మీకిప్పుడు పనికొస్తుంది. దానికైనా డల్లాస్‌కి ఓ థాంక్స్ చెప్పండి.

ఇంకో మాట. బ్రన్సన్ ఉండుంటే మేం గార్డ్ కైరీ అర్వింగ్‌ని తెచ్చేవాళ్లం కాదు, కైరీ లేకుంటే 2024 ఫైనల్స్ లేదు. అది నేనూ ఒప్పుకుంటా. ఆ ఫైనల్స్ 4-1తో బోస్టన్‌కి అప్పగించాం, ఆ తర్వాత ఎనిమిది నెలలకే లూకాని కూడా లేకర్స్‌కి ఇచ్చేశాం. 2025 డ్రాఫ్ట్ లాటరీలో డ్యూక్ కాలేజీ కుర్రాడు కూపర్ ఫ్లాగ్ తగిలాడు. మొదటి పిక్ కాబట్టి నాలుగేళ్ల తర్వాత రెస్ట్రిక్టెడ్ హక్కు మాదే, ఈసారి కాగితం సరిగ్గానే ఉంది.

ఎడిసన్_అల్లుడు
కాగితం సరే. లూకాని అమ్మిన జనరల్ మేనేజర్ 2025 నవంబర్ దాకా ఆ కుర్చీలోనే ఉన్నాడు పంతులుగారూ.

ప్లేనో_పంతులు
అందుకే అప్పటిదాకా ఫ్లాగ్ జెర్సీ కొనలేదు.